నక్షత్రం గుర్తున్న లైను

చాచా ఎదుట కూర్చుని ఏ కాగితాన్నీ దాచుకోలేం. బల్లకు అటువైపు ఎవరైనా పెళ్లిపత్రిక రాతప్రతి పట్టుకుని కూర్చుంటే, ఇటువైపు నుంచి ఆయన దాన్ని తలకిందులుగానే చదివేసి, "బేస్తవారమని రాసిన్రు, తారీకు చూస్తే శుక్రవారంది. ఏది ఖాయం?" అని అడిగేవాడు. వచ్చినవాళ్లు కంగారుపడి కాగితం తిప్పి చూసుకునేవాళ్లు. గద్వాలలో ఒక చిన్న ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. ఆ అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి ఆయన కళ్లకు తలకిందులూ ఒకటే, నిటారూ ఒకటే.

ఆయన పోయాడని విన్నప్పుడు నాకు ముందు సిగ్గేసింది. ఏడుపు తర్వాత బస్సులో వచ్చింది. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి ఎంత దూరమని! ఆ కాస్త దూరం పోవడానికి నాకు ఆరేళ్లలో రెండుసార్లే కాళ్లు వచ్చాయి. ఆ రెండుసార్లూ చాయ్ తాగి, బస్సు వేళయిందని అబద్ధం చెప్పి లేచి వచ్చాను.

నేను ఆయన దగ్గర పనిచేసింది ఏడాదిన్నర. డిగ్రీ అయిపోయి, హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, వనపర్తికి తిరిగొచ్చిన రోజులవి. బస్టాండు వెనక సందులో ఆయన డీటీపీ సెంటర్. లోపల ఒక పాత కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడకు మేకు, మేకుకు కత్తెర. ఆ కత్తెర మేకుకు లేకపోతే ఆ రోజు నాకు తిట్లే. "వాడుకో, కాని యాడ తీసినవో ఆడ పెట్టు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇంగ్లీషు వచ్చినదాన్ని, సర్టిఫికెట్ ఉన్నదాన్ని, కత్తెర గురించి మాట పడడమేంటని.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా మా ఊళ్లో ఎవరికీ తెలియని ఒక భాష ఆయనకు వచ్చు. గద్వాల ప్రెస్సు మూతపడి వనపర్తికి వచ్చాక, లెక్కలు చెప్పే ఒక లెక్చరర్ ఆయనకు టెక్ అనే భాష నేర్పాడట. అది పేజీలు పేర్చడానికి పుట్టిన కంప్యూటర్ భాష. భిన్నాలూ వర్గమూలాలూ ఉన్న ప్రశ్నపత్రాలు దానిలో ముత్యాల్లా వస్తాయి. పుస్తకం కొనే దారి లేక, చాచా ఆ లెక్చరర్ దగ్గరున్న పుస్తకాన్ని పొడుగు నోట్‌బుక్కులో చేత్తో ఎక్కించుకున్నాడు. అర్థం తెలియని ఇంగ్లీషు అక్షరాలను బొమ్మలు గీసినట్టు గీసుకున్నాడు. ప్రతి ఆజ్ఞకూ ముందు పెట్టే గీతను "వాలుగీత" అనేవాడు. వంకర బ్రాకెట్లకు ఆయన పెట్టిన పేరు "మీసాల బ్రాకెట్". కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు గుడ్డతో తుడుచుకునేవాడు. ఆ చేతులకు సిరా అంటి ఎన్నేళ్లయిందో!

మీసాల బ్రాకెట్ తెరవగానే మూసే బ్రాకెట్ కూడా అప్పుడే కొట్టేసేవాడు. తర్వాత వెనక్కి వచ్చి మధ్యలో రాసుకునేవాడు. ఎందుకని అడిగితే మొదటి వారంలోనే నాకు పాఠం చెప్పాడు. గదిని ఆయన అర్ర అనేవాడు.

"చూడు బేటీ, గిది తెరిచినవంటే ఒక అర్రల అడుగుపెట్టినట్లు. అర్రల నువ్వు ఏమన్న చెప్పుకో. ఈ అక్షరం లావు చెయ్యమను, ఆ మాటకు ఈ అర్థమను. వింటది. బ్రాకెట్ మూసినవా, అంత మర్చిపోతది. బయట ఎప్పటి లెక్కనే ఉంటది."

"డెఫ్‌కు ముందల జీ పెడితేనో చాచా?" అన్నాను. ఒక మాటకు ఇదీ అర్థమని చెప్పే ఆజ్ఞ పేరు డెఫ్.

"జీ పెడితే ఊర్ల టాంటాం ఏసినట్లు. అర్ర దాటుతది, పేజీ దాటుతది, ఫైలు ఒడిసేదాక గదే మాట మీద ఉంటది. అది ఖరాబు పనేం కాదు, అక్కరుంటే పెట్టాలె. కాని టాంటాం ఏసినోళ్లే పోయి మల్ల వాపస్ తీసుకోవాలె. నీ తరఫున ఇంకెవ్వరు తియ్యరు."

ఆ తర్వాత గద్వాల ప్రెస్సు సంగతి చెప్పాడు. ఒక పేజీ అచ్చయ్యాక దాన్ని విప్పి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గూట్లో వేసేవాళ్లట. వేయకుండా ఇంటికి పోతే మరుసటి రోజు పేజీలో నిన్నటి అక్షరం తేలుతుందట. అక్షరాలను గూళ్లలో వేయడం చూసి ఆయన మనుషులను అంచనా వేసేవాడు. "పేర్చేటప్పుడు అందరు హుషారే" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు.

ఇంకో అలవాటు కూడా ప్రెస్సు నుంచే తెచ్చుకున్నాడు. అక్కడ ఎవరు పేర్చిన పేజీకి వాళ్ల పేరున్న చిట్టీ పెట్టేవాళ్లు. తప్పు దొరికితే వాళ్లే దిద్దాలి. టెక్‌లో శాతం గుర్తు పెడితే ఆ లైనులో దాని తర్వాత ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు. చాచా ఆ జాగాను చిట్టీగా వాడుకున్నాడు. తను రాసిన ప్రతి లైను చివర శాతం గుర్తు పెట్టి, పక్కన ఒక నక్షత్రం కొట్టేవాడు. నాకు కూడిక గుర్తు ఇచ్చాడు.

"ఈ గుర్తు మిషన్ చదవదు కదా, ఎందుకు చాచా?" అన్నాను.

"మిషన్ కోసం కాదు బేటీ. మనుషులు చదువుకుంటరు."

చాయ్ వస్తే సగం గ్లాసుకే చెయ్యి అడ్డం పెట్టి "సాకు" అనేవాడు. చాలు అని. గద్వాలకు రాయచూరు దగ్గర కాబట్టి అక్కడి కన్నడం ఆయన నాలుక మీద అలా నాలుగైదు మాటలుగా మిగిలింది. వాదన పెరిగినా "సాకు" అనేవాడు. ఆ మాట తర్వాత మళ్లీ మాట్లాడేవాడు కాదు.

ఇక నా సంగతి చెప్పాలి.

ఆ ఏడాది దసరా ముందు నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు పదో తరగతి క్వార్టర్లీ మార్కుల మెమోలు మాకు ఇచ్చారు. అంతవరకూ చేత్తో రాసేవాళ్లు. పదో తరగతికి మాత్రం అచ్చులో ఉంటే తల్లిదండ్రుల ముందు గొప్పగా ఉంటుందని కరస్పాండెంట్ ముచ్చటపడ్డాడు. తొంభై మంది పిల్లలు. ప్రతి మెమోలో మార్కుల పట్టిక, దాని కింద ఫలితం. ఫెయిలైతే అడుగున ఇంకో వాక్యం కూడా రావాలి: "తప్పిన విద్యార్థులు సెలవుల తర్వాత హాస్టల్‌కు రావలసిన పని లేదు." పబ్లిక్ పరీక్షల్లో స్కూలు పేరు చెడకుండా వాళ్లు పెట్టుకున్న రూలు.

అదే స్కూల్లో కంప్యూటర్ టీచర్ ఉద్యోగానికి నేను అప్పుడే ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. కరస్పాండెంట్ నన్ను చూసి, "మెమోలు మంచిగ చెయ్యమ్మా, చూద్దాం" అన్నాడు.

ఆ వారంలోనే చాచాకు కంటి ఆపరేషన్. పాలమూరు దవాఖానకు పోతూ మెమో అంతా తయారుచేసి పెట్టాడు. ఫలితం తేల్చే ముక్క ఒక్కటే నాకు వదిలాడు. ఫైలు పైన "ఫలితం అంటే పాస్" అని ఒకసారి చెప్పి ఉంది. ఎవరికైనా ఏదైనా సబ్జెక్టులో మార్కులు తగ్గితే నేను దాన్ని "ఫెయిల్" అని మార్చాలి. మార్చాను. కానీ నేను మార్చింది పట్టిక గడి లోపల. టెక్‌లో పట్టికలో ప్రతి గడీ ఒక అర్రే. గడిలో చెప్పిన మాట గడి దాటలేదు. కింద ఫలితం దగ్గర మళ్లీ "పాస్" అనే పడుతోంది. రెండు గంటలు జుట్టు పీక్కున్నాను. చివరికి డెఫ్‌కు ముందు జీ పెట్టాను. "ఫెయిల్" వచ్చింది. కుర్చీలోంచి లేచి నన్ను నేనే మెచ్చుకున్నాను. లైను చివర కూడిక గుర్తు కొట్టాను.

టాంటాం వేసినవాళ్లే వాపస్ తీసుకోవాలని ఆయన చెప్పింది నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. నిజంగా తప్పింది ఒక్కడే, అరవై ఒకటో నంబరు అబ్బాయి. వాడి తర్వాత వచ్చిన ఇరవై తొమ్మిది మందికీ, మార్కులు ఎన్ని వచ్చినా, ఫలితం దగ్గర "ఫెయిల్" పడింది. దాని కింద హాస్టల్ వాక్యం కూడా పడింది.

చాచా దవాఖాన దగ్గరి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "ప్రింట్ అయినయా బేటీ? అన్ని సదివినవా?"

ఆయన అచ్చయిన ప్రతి కాగితాన్నీ గొంతెత్తి చదివేవాడు. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. నేను పన్నెండు చదివి, మిగతావి కట్ట కట్టేశాను.

"అన్ని సదివిన చాచా" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నోరు కూడా తడబడలేదు.

స్కూలు గుమాస్తా వాటిని చూడకుండానే కవర్లలో పెట్టి పిన్నులు కొట్టాడు. సెలవులకు పోతున్న పిల్లలకు, ఇంట్లోనే విప్పాలని చెప్పి, గేటు దగ్గర ఇచ్చారు. రెండో రోజు మధ్యాహ్నం కరస్పాండెంట్ జీపు మా సందు మొదట్లో ఆగింది. చాచా ఆ పొద్దున్నే దవాఖాన నుంచి వచ్చాడు. ఎడమ కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. ఇంట్లో పడుకోమని చాచీ మొత్తుకున్నా, షాపు చూసిపోతానని వచ్చి కూర్చున్నాడు.

కరస్పాండెంట్ కొన్ని మెమోలు బల్ల మీద పడేశాడు. "ఏందయ్యా ఇది? స్కూల్ ఫస్టొచ్చిన పిల్లకు ఫెయిలని కొట్టినవ్! ఊర్ల నా ఇజ్జత్ పోయింది. పొద్దుగాల్నుంచి తల్లిదండ్రులు గేటు కాడ్నే ఉన్నరు."

చాచా ఒంటి కన్నుతోనే ఆ కాగితాలను తలకిందులుగా చదివాడు. కంప్యూటర్ దగ్గరికి పోయి, చేతులు తుడుచుకుని, ఫైలు తెరిచాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. తెర మీద ఆ లైను వచ్చింది. జీ ఉంది. చివర నా కూడిక గుర్తు ఉంది. ఆయన వేలు ఆ గుర్తు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

తర్వాత కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. ఆయన వీపు తెరకు అడ్డం వచ్చింది.

"తప్పు నాదే సార్. కండ్లు కనవడక చూసుకోలే. పొద్దుమూకేలోపల కొత్తయి ఇస్త."

"ముసలితనంల నీకు ఇయన్ని ఎందుకయ్యా? ఇంట్ల కూసోరాదు?" అని, కరస్పాండెంట్ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వన్న జర చూసి ఉండాల్సిందమ్మా. సర్లే. దీపావళి అయినంక వచ్చి జాయిన్ కా."

అప్పుడు నోరు తెరవాల్సింది నేను. తెరిచాను కూడా. "సరే సార్" అన్నాను.

ఆ రెండు మాటలు నేను ఇంకెవరి ముందూ ఎప్పుడూ ఎత్తలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అదొక్కటే కారణం, ఇంకేమీ లేదు. ఇంట్లో గడవని స్థితి ఏమీ లేదు. ఆ కుర్చీ నాకు కావాలి, అంతే.

ఆ మధ్యాహ్నం తొంభై మెమోలూ మళ్లీ తీశాం. ఆయన ఒంటి కన్నుతో ప్రతిదీ గొంతెత్తి చదివాడు. నేను మార్కుల జాబితా పట్టుకుని సరిచూశాను. పని తప్ప ఇంకో మాట మా మధ్య లేదు. ఆ స్కూలు పని మళ్లీ చాచా దగ్గరికి రాలేదు.

చెడిన కాగితం బయట తిరగకూడదని ఆయనకు పట్టుదల. ప్రెస్సులో చెడిపోయిన ప్రతి కాగితాన్నీ లెక్కపెట్టి తెచ్చి చింపేవాళ్లట. సెలవులు అయిపోగానే నాగర్‌కర్నూల్ పోయి, తప్పు పడిన మెమోలు వెనక్కి ఇమ్మని స్కూల్లో అడిగాడు. ఇరవై తొమ్మిది రావాలి, ఇరవై ఎనిమిదే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటి ఎవరిదని అడిగితే గుమాస్తా, "ఆ అడివి పిల్లది. సెలవులకు పోయి మల్ల రాలే. కొత్తది పోస్టు చేసినం" అన్నాడట. ఆమెది అచ్చంపేట దాటి, మన్ననూరు కూడా దాటి, నల్లమల లోపల ఒక పెంట. అంటే పది గుడిసెల ఊరు. అక్కడికి పోస్టు ఎప్పుడు పోతుందో గుమాస్తాకూ తెలియదు.

చాచా సాయంత్రం షాపుకు వచ్చి నాకు ఇదంతా చెప్పాడు. గుడ్డతో కన్ను ఒత్తుకుంటూ, "నేను రేపు పోత బేటీ" అన్నాడు. "కండ్లు సక్కగ ఆనుతలేవు. జర నా ఎంబడి వస్తవా?"

ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఏడాదిన్నరలో ఇంకేమీ అడగలేదు.

"తలనొప్పిగ ఉంది చాచా" అన్నాను.

"సరె. రెస్టు తీసుకో. బామ్ రాసుకో."

మూడో రోజు తిరిగొచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి. కంటి మీద గుడ్డ లేదు, కన్ను నిప్పులా ఎర్రగా ఉంది. కుర్చీలో కూలబడి, నేను అడగకుండానే మెల్లగా చెప్పాడు. బస్సు దిగి జీపు ఎక్కాడట. జీపు దిగి నడిచాడట. ఆ పిల్ల తల్లితో పాటు అడవిలో గడ్డలు తవ్వుకు రావడానికి పోయి ఉంటే, వచ్చేదాకా గుడిసె ముందు కూర్చున్నాడట.

"ఏడ్వలేదంట బేటీ. కాగితంల హాస్టల్‌కు రావద్దని రాసుంది కదా అని సెలవులు ఒడిసినా పెట్టె సర్దలేదంట. తప్పు పడిందేమో అడుగుదామని కూడ అనుకోలే. మార్కులు దాని ఎదురుంగనే ఉండె. అన్నిట్ల పాసే. మార్కులు చూసి కూడ, కింద ఉన్న మాటనే నిజమనుకుంది."

"వాళ్ల నాయిన ఏమన్నడు?"

"ఒక్కటే అడిగిండు. కాగితం గూడ అబద్ధమాడుతదా సాయిబూ అని." చాచా కన్ను ఒత్తుకున్నాడు. "ఆడుతది, నేనే ఆడిపించిన అని చెప్పిన. సోమవారం తోల్కొస్తమన్నరు."

చెప్పేద్దామనుకున్నాను. అప్పుడే చాయ్ వచ్చింది. గ్లాసు ఆయన ముందు పెట్టి, "చాచా, ఆ మెమోలల్ల ఆ లైను..." అన్నాను.

ఆయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "సాకు" అన్నాడు.

చాయ్‌కి అన్నాడో నాకు అన్నాడో ఆ క్షణంలోనే నాకు తెలుసు. అయినా చాయ్‌కే అన్నాడని నన్ను నేను నమ్మించుకోవడానికి ఎంత కష్టపడ్డానో! ఆయన నన్ను కాపాడాలనుకున్నాడు. నేను కాపాడబడాలనే అనుకున్నాను. అలా ఇద్దరం చాయ్ తాగాం.

దీపావళి తర్వాత స్కూల్లో చేరాను. మొదటి వారంలోనే ఒక పొడవైన పిల్ల కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, సాయిబు తాత చెప్పిండు. నా మెమోల తప్పు పడ్తే దాన్ని మీరే సరిచేసిన్రంట. మీరు లేకుంటే తెల్వకనే పోతుండె అన్నడు. మా నాయిన మీకు తేనె పంపిండు."

చిన్న సీసా. అందులో అడవి తేనె. నేను రెండు చేతులా తీసుకున్నాను. "బాగా చదువుకో" అన్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే చెవులు మండుతున్నాయి. ఆ తేనె నేను పారబోయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మా ఇంట్లో చపాతీల్లో వేసుకుని తిన్నాం.

ఆ పిల్ల పదో తరగతి పాసయ్యింది, నర్సు ట్రైనింగు చేసింది, ఇప్పుడు అచ్చంపేటలో పనిచేస్తోంది. చాచా ఎడమ కన్ను మాత్రం బాగుపడలేదు. ఎప్పుడూ నీరు కారుతూనే ఉండేది. ఆపరేషన్ తర్వాత దుమ్ములో ఎండలో తిరగడం వల్లనే అని దవాఖానలో చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కొన్నాళ్లకు కాగితాలు చదవడం మానేశాడు. షాపు ఆయన అల్లుడు చూసుకున్నాడు. జిరాక్సు, లామినేషన్. నేను పోయిన రెండుసార్లూ చాచా బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని, "మేడం వచ్చిందా!" అని మురిసిపోయాడు. నేను ఆ స్టూలు వైపు కాకుండా సందు చివర వైపు చూస్తూ మాట్లాడాను.

ఏటా పిల్లలకు నేను ఈ పాఠం చెప్తాను. ఏ మాట ఆ బ్రాకెట్లోనే ఉండిపోతుంది, ఏ మాట ఫైలంతా పాకుతుంది అని. చాచా అర్రనూ టాంటామునూ వాడుకునే చెప్తాను. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. "మేడం, మీకు ఎవరు చెప్పిన్రు?" అని ఒకసారి ఒకమ్మాయి అడిగింది. పుస్తకంలో ఉందన్నాను.

ఆయన పోయిన నలభయ్యో రోజున వనపర్తి పోయాను. చాచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పేపర్లో చుట్టిన సీడీ ఒకటి తెచ్చి ఇచ్చింది. దాని మీద నల్లటి పెన్నుతో కూడిక గుర్తు.

"పాత మిషన్ అమ్మేటప్పుడు అల్లునితోని దీంట్ల ఎక్కిపిచ్చిండు. ఈ గుర్తు గల్ల బిడ్డకే ఇయ్యమన్నడు. నీదే కదమ్మా?"

"నాదే చాచీ."

మరుసటి రోజు స్కూల్లో పిల్లలు వెళ్లిపోయాక దాన్ని తెరిచాను. మేము చేసిన ఫైళ్లన్నీ ఉన్నాయి, పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు. మెమోల ఫైలు తెరవడానికి చాలాసేపు పట్టింది నాకు.

ఫెయిల్ లైను అలాగే ఉంది, జీతో సహా. ఆయన దాన్ని తీసేయలేదు. ప్రతి పిల్ల మెమో మొదలయ్యే చోట కొత్తగా ఒక లైను చేర్చాడు: ఫలితాన్ని మళ్లీ "పాస్" చేసే లైను. నేను వేసిన టాంటాము ఆయన వాపస్ తీసుకున్నాడు. ఆ ఇరవై తొమ్మిది మందినీ కాపాడింది ఆ ఒక్క లైను.

తర్వాత చివర్లు చూశాను. నేను రాసిన లైను పక్కన నా కూడిక గుర్తు లేదు. అక్కడ నక్షత్రం ఉంది. ఆయన చేర్చిన లైను చివర నక్షత్రం లేదు. అక్కడ కూడిక గుర్తు ఉంది.

మిషన్ చదవదు. మనుషులు చదువుకుంటారు. ఎప్పుడైనా ఎవరైనా ఈ ఫైలు తెరిస్తే నా తలవంపు కనబడకూడదనుకున్నాడు. ఎవరి చిట్టీ వాళ్లే పెట్టుకోవాలని నాకు నేర్పిన మనిషి తన జీవితంలో బహుశా ఆ రెండు చోట్లే చిట్టీ మార్చి పెట్టాడు. ఆ ఖాళీ గదిలో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మరునాడు కరస్పాండెంట్ గదికి పోయి అంతా చెప్పాను. ఆయన విని నవ్వాడు. "గప్పటి ముచ్చట ఇప్పుడెందుకమ్మా? ఆ సాయిబు కూడ పోయిండంటివి. పో, క్లాసుకు పో" అన్నాడు. ఏ కుర్చీ పోతుందని ఆరేళ్లు నోరు మూసుకున్నానో, ఆ కుర్చీ కాలు కూడా కదల్లేదు.

గుర్తులు సరిచేద్దామని సీడీ మళ్లీ పెట్టాను. నక్షత్రం చెరిపి కూడిక కొట్టాను, కూడిక చెరిపి నక్షత్రం కొట్టాను. సేవ్ కావడం లేదు. ఒకసారి రాసిన సీడీ మీద మళ్లీ రాయడానికి వీల్లేదు, పిల్లలకు ఆ సంగతి చెప్పేదాన్ని నేనే. నా కంప్యూటర్‌లో ఎన్ని నకళ్లు దిద్దుకున్నా, చాచా ఇచ్చినదాంట్లో మాత్రం ఆయన రాసినట్టే ఉంటుంది.

అందుకని అందరూ చదివే చోట రాస్తున్నాను. అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకుని అచ్చంపేట పోతాను, ఆ పిల్ల చేతికే ఇస్తాను. కూడిక గుర్తున్న లైను ఆయన రాసింది. నక్షత్రం గుర్తున్న లైను నాది.